మూడు పేటల తాడు

ఈ సంగతి రాయమని మా కోడలు అడగలేదు. మా అబ్బాయి అయితే వద్దన్నాడు కూడా. ఇంటి సంగతి పత్రికకి ఎందుకు నాన్నా అన్నాడు. కానీ తప్పు మాట నలుగురి ముందర అన్నవాణ్ణి నేను. దాన్ని దిద్దుకోవడం కూడా నలుగురి ముందరే జరగాలి కదా. మన కాలనీలో నన్ను ఎరిగినవాళ్ళు చాలామంది ఈ పత్రిక చదువుతారు. అందుకని రాస్తున్నాను. నా చదువు అయిదో క్లాసు వరకే. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

నేనన్న మాట ఇది: "మా వంశంలో ఇట్లాంటిది లేదు."

మా మనవరాలికి ఇప్పుడు అయిదేళ్ళు. ఏడాది దాటి నడక నేర్చేటప్పుడు నట్టింట్లో కూలబడింది. పిల్లలు కూలబడకుండా నడక నేర్చుకుంటారా? కానీ ఈ పిల్ల ఏడుపు ఆపలేదు. తీసుకెళ్ళి చూపిస్తే కాలి ఎముక విరిగిందన్నారు. రెండున్నరేళ్ళప్పుడు మంచం మీది నుంచి జారింది, చెయ్యి విరిగింది. నాలుగేళ్ళప్పుడు వాకిట్లో ఒక్క మెట్టు దూకింది. ఒక్కటే మెట్టు. పాదంలో ఎముక విరిగింది.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న ఒకాయన మా కోడల్ని పక్కకి పిలిచి, "ఇంట్లో పాపని ఎవరమ్మా కొడతారు?" అని అడిగాడంట. ఆ మాట ఆ పిల్ల మాకు చెప్పలేదు. చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆయన్ని నేను తప్పు పట్టను. ఊరికే ఎముకలు విరుగుతున్న పిల్లని చూస్తే ఎవరికైనా ఆ అనుమానం రావాల్సిందే. కానీ బయట ఆ అనుమానం, ఇంట్లో మా నోళ్ళు, రెండింటి మధ్యా ఆ పిల్ల ఎట్లా నిలబడిందో నాకు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంట్లో మాటలు ఏమిటంటే, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుందని మా ఆవిడ అంది. పాలు సరిగ్గా పట్టలేదని ఒకరు అన్నారు. క్యాల్షియం మాత్రలు వేసుకోలేదని ఒకరు అన్నారు. మా వియ్యంకుడు సూళ్ళూరుపేట నుంచి పిల్లని చూడ్డానికి వచ్చిన రోజు, ఇరుగుపొరుగు కూడా ఉన్నారు, అప్పుడు నేను ఆయన మొహం మీదే అన్నాను, మా వంశంలో ఇట్లాంటిది లేదు అని. అంటే ఉన్నది మీ వైపే అని చెప్పడమే. ఆయన తల వంచుకొని టీ తాగి వెళ్ళిపోయాడు.

తర్వాత మమ్మల్ని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ పిల్లల ఎముకలు చూసే డాక్టరమ్మ నెల్లూరు వైపు మనిషి. తెలుగు వినేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ఎక్స్‌రేలు చూసింది, పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కింది రెప్ప లాగి చూసింది. "చూడండి, కంటి తెల్లగుడ్డు తెల్లగా లేదు, లేత నీలంగా ఉంది" అంది. మాకు అది ఎప్పుడూ వింతగా అనిపించలేదు, ఎందుకంటే మా అబ్బాయి కళ్ళూ అంతే. ఆమె మా అబ్బాయిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నాకు సరిగ్గా వినపడదు కాబట్టి నేను మొహం ముందుకి పెట్టి ఆమె పెదాలనే చూస్తున్నాను.

"పెద్దాయనా, మీకు చెవుడు ఎప్పటి నుంచి?"

"మిల్లు మోతమ్మా. నలభై దాటకముందే మొదలైంది."

"చిన్నప్పుడు ఎముకలు ఏమైనా విరిగాయా?"

లెక్క చెప్పాను. ఎనిమిదేళ్ళప్పుడు భుజం ఎముక, గోలీలాడుతూ పడి. పన్నెండేళ్ళప్పుడు అదే ఇంకోసారి. మిల్లులో చేరాక మణికట్టు ఒకసారి. అది మిషను తప్పు అనుకున్నాను. చెబుతూ చెబుతూ ఉండగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ చెయ్యి రెండుసార్లు విరిగింది. ఊళ్ళో ఆమెని గాజు చేతుల మనిషి అనేవాళ్ళు. నలభై ఏళ్ళకే చెవుడు. ఆమె ఏ మిల్లులోనూ పని చెయ్యలేదు.

డాక్టరమ్మ ఇంకేమీ అనలేదు. రక్తం తీయించమంది. పాపకి, మా అబ్బాయికి, నాకు. రిపోర్టులు రావడానికి చాలా రోజులు పట్టింది. మూడు కాగితాల్లోనూ ఒకే చోట ఒకే తప్పు. కోడలి రక్తంలో ఏమీ లేదు.

ఆ జబ్బు పేరు ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా. పెళుసు ఎముకల జబ్బు అనుకోండి. పదిహేను, ఇరవై వేల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందంట. మాది అందులో తేలిక రకం. మా చెవుడు కూడా చాలావరకు దాని వల్లేనంట, మిల్లు మోత కొంత తోడై ఉండొచ్చునంట. ఇన్నేళ్ళూ నేను మిల్లుని తిట్టుకున్నాను.

జబ్బు పేరు తెలిసింది కానీ అది ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం చేయించింది మా లైనులో మూడో ఇంటి పిల్ల. గిండీలో మద్రాసు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ పిల్ల సెల్లులో ఒక బొమ్మ చూపించింది. "ఇది ఏంటో చెప్పు తాతా" అంది.

"మూడు పేటల తాడు. డబ్లింగు నూలు. ఏ మిల్లుది?" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వి, "ఇది నీ ఒంట్లోది తాతా" అంది.

దాని పేరు కొల్లాజెన్. ఒక రకం ప్రోటీను. మన ఒంట్లో ఉన్న ప్రోటీనంతా తూకం వేస్తే మూడో వంతు దాకా ఇదేనంట. ఎముకలో, చర్మంలో, కండని ఎముకకి కట్టే నరంలో, పళ్ళ చిగుళ్ళలో, కంటి తెల్లగుడ్డులో, అన్నిటా ఇదే. ఒళ్ళంటే కణాలు అని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. కణాలు మాత్రమే అయితే మనిషి కుప్పగా కూలిపోతాడు. కణాల బయట, కణానికీ కణానికీ మధ్య ఒక అల్లిక ఉంది. దాని మీదే అన్నీ నిలబడి ఉంటాయి. ఆ అల్లికకి కావాల్సిన నూలు కణాలే తయారుచేసి బయటికి పంపుతాయి. అంటే ప్రతి కణమూ ఒక చిన్న మిల్లు. ఇది విన్నాక నాకు మిగతాదంతా మన భాషలోనే అర్థమైంది. నేను ముప్పై ఏళ్ళకి పైగా డబ్లింగు సెక్షనులో పని చేసినవాణ్ణి. మీకూ ఆ భాషలోనే చెబుతాను.

మొదట డిజైను. జకార్డు మగ్గానికి చిల్లులు పెట్టిన అట్టలు ఉంటాయి, చిల్లు ఎక్కడుంటే అక్కడ పోగు లేస్తుంది. కణంలో జన్యువులు అట్లాంటి అట్టలు. ప్రతి అట్టా రెండేసి ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఆ అట్ట చూసుకుంటూ కణం ఒక పోగు తయారుచేస్తుంది. ఆ పోగు పూసల దండలాంటిది. వెయ్యికి పైగా పూసలు. ఆ పూసల్లో ప్రతి మూడోది ఒకే రకం, అన్నిటికన్నా చిన్నది, దాని పేరు గ్లైసీను. ఎందుకు ప్రతి మూడోదీ అదే అంటే, మూడు పోగులు కలిపి పేనినప్పుడు ఆ పూస తాడు నడుమకి వస్తుంది. నడుమ చోటు చాలా ఇరుకు. ఆ ఇరుకులో గ్లైసీను తప్ప ఇంకోటి పట్టదు.

తర్వాత ట్రీట్‌మెంటు. డబ్లింగు నూలుకి పురి నిలవాలంటే ఆవిరి పట్టిస్తాం కదా, లేకపోతే వదులై మెలికలు పడుతుంది. కణంలో కూడా పేనకముందే ఆ పోగుకి ఒక పని చేస్తారు. కొన్ని పూసలకి చిన్న గుబ్బల్లాంటివి తగిలిస్తారు. ఆ పని జరగాలంటే విటమిన్ సి కావాలి. అది లేకపోతే పేనిన తాడు మన ఒంటి వేడికే విడిపోతుంది. పాతకాలంలో నెలల తరబడి ఓడల్లో తిరిగినవాళ్ళకి చిగుళ్ళు కారి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకొని చచ్చిపోయేవాళ్ళంట. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చి చూస్తే రోగులు లేచి తిరిగారు. నాకు ఇందులో నచ్చిన సంగతి ఆ పాత గాయం సంగతి. నా అరచేతిలో బాబిన్ గీసిన మచ్చ ఉంది, నలభై ఏళ్ళ నాటిది. మానిపోయింది కదా అనుకుంటాం. అది మానిపోయి ఊరుకోలేదు. రోజూ పాత దారం తీసి కొత్త దారం వేస్తూనే ఉన్నారు. వెయ్యడం ఆగిపోతే అది మళ్ళీ విచ్చుకుంటుంది.

ఇక పేనడం. మూడు పోగుల కొసలూ ఒక చివర ముందు ముడి పడతాయి. ఆ ముడి దగ్గర మొదలై పురి వరసగా రెండో చివరకి పోతుంది. ఇక్కడే నేను ఆ పిల్లని ఒక ప్రశ్న అడిగాను. "పురి ఏ వైపు?" అన్నాను. సెక్షనులో కొత్త కుర్రాడు చేరితే మొదట నేర్పేది అదే. ఒంటి పోగుకి ఒక వైపు పురి ఉంటే, రెండో మూడో కలిపి పేనేటప్పుడు ఎదురు వైపు పెట్టాలి. మనం ఒంటి పోగుకి జెడ్ పురి, కలిపేటప్పుడు ఎస్ పురి పెడతాం. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకొని నిలుస్తుంది. ఒకే వైపు పెడితే దారం తనలో తాను ముడుచుకుపోతుంది. ఆ పిల్ల పుస్తకం తీసి చూసి చెప్పింది. ఒక్కో పోగుకి ఎడమ పురి, మూడూ కలిపిన తాడుకి కుడి పురి. మన మిల్లు లెక్కకి తలకిందులు, కానీ ఎదురెదురు పురి అన్న నియమం అదే. నేను లేచి నిలబడ్డాను. మాకు ఆ పని నేర్పిన మేస్త్రీలకి వాళ్ళ మేస్త్రీలు నేర్పారు. వాళ్ళకి ఎవరో నేర్పారు. ఈ కణానికి ఎవరు నేర్పారు?

పేనిన తాడు కణంలోనే ఉండిపోదు. బయటికి పంపాలి. కానీ కొసల ముడులు విప్పకుండానే పంపుతుంది. ఎందుకంటే ముడులు తీసేస్తే తాళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కొని మోకులు కట్టేస్తాయి. లోపలే ఆ పని జరిగితే కణం ఊపిరాడక చస్తుంది. అందుకని గుమ్మం దాటాకనే కత్తెరలాంటి ఎంజైములు ఆ కొసల్ని కత్తిరిస్తాయి. అప్పుడు తాళ్ళు తమంతట తామే పక్కపక్కన చేరతాయి. గోడకి ఇటుక పేర్చినట్టు, ఒకదాని కొస పక్కదాని నడుమ పడేట్టు, కొంచెం కొంచెం జరిగి పడుకుంటాయి. ఒక్కో తాడు పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. జరుగుడు 67 నానోమీటర్లు, అన్ని చోట్లా ఒకే కొలత. చివరికి తాడుకీ తాడుకీ మధ్య కుట్లు పడతాయి. ఆ కుట్టు వేసే ఎంజైముకి రాగి కావాలి. ఇంత అయ్యాకనే అది మోకు.

ఎముకలో ఆ మోకుల మధ్య క్యాల్షియం ఉప్పు గట్టిపడుతుంది. కాంక్రీటు పోసేటప్పుడు ఇనప కమ్మీలు, సిమెంటు ఉంటాయి చూడండి. కమ్మీలు కొల్లాజెన్, సిమెంటు క్యాల్షియం. కమ్మీలు తక్కువైన స్లాబుకి సిమెంటు ఎంత పోసినా ఏం లాభం? మా కోడలు క్యాల్షియం మాత్రలు మింగలేదని అన్నాం కదా, అదీ మా తెలివి.

మేకకాళ్ళ సూపు సంగతి కూడా చెప్పాలి. ఎముక విరిగితే మన ఇళ్ళల్లో అదే మందు. మా ఆవిడ వారం వారం కాచి పాపకి పోసింది. చల్లారితే గిన్నెలో జున్నులా గడ్డ కడుతుంది, అది చూసి బలమనుకుంటాం. అది నిజంగా కొల్లాజెనే, మరిగించేసరికి పురి విడిపోయిన కొల్లాజెన్. కానీ కడుపులోకి వెళ్ళాక అది పూసలు పూసలుగా విడిపోతుంది. పాత చీరని చింపి దూది చేసినట్టు. ఆ దూదితో మళ్ళీ ఏ నూలు వడకాలో కణం తన అట్ట చూసుకొనే వడుకుతుంది. అట్టలో తప్పుంటే సూపు దాన్ని దిద్దలేదు. సూపు తాగడం తప్పు కాదు, రుచిగానే ఉంటుంది. మందు మాత్రం కాదు.

ఈ తాడు రూపం మొదట పట్టుకున్నది ఎక్కడో తెలుసా? మన మద్రాసులోనే. ఆ పిల్ల చెబితే నమ్మలేదు. ఒక ఆదివారం బస్సు మారి మారి నన్ను గిండీకి తీసుకెళ్ళి, రోడ్డు మీది నుంచి చూపించింది. జి. ఎన్. రామచంద్రన్ అని, ఎర్నాకుళంలో పుట్టినాయన, 1952లో మద్రాసు యూనివర్సిటీకి ఫిజిక్సు ప్రొఫెసరుగా వచ్చాడు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్ళు. కొల్లాజెన్ ఎట్లా ఉంటుందో ప్రపంచంలో పెద్దపెద్దవాళ్ళకే తేలని రోజులు. ఆ దగ్గర్లోనే అడయారులో తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. తోలు అంటే కొల్లాజెనే కదా. మేకతోలు కుళ్ళకుండా చెప్పు అయ్యేది ఎట్లా అంటే, తొట్టిలో నానబెట్టినప్పుడు ఆ తాళ్ళ మధ్య ఇంకొన్ని కట్లు పడతాయి. అక్కడి నుంచి తెచ్చిన కంగారూ తోక నరానికి ఎక్స్‌రే తీసి, ఆ చుక్కలూ గీతలూ చూసి, రామచంద్రనూ గోపీనాథ్ కర్తా అనే ఆయనా కలిసి 1954లో మూడు పేటల సంగతి చెప్పారు. నేచర్ అనే ఇంగ్లండు పత్రికలో వచ్చింది. మరుసటి ఏడు, ఆ మూడు పేటలూ ఊరికే పక్కపక్కన లేవు, కలిసి ఇంకో పురి తిరిగి ఉన్నాయని దిద్ది చెప్పారు. కేంబ్రిడ్జిలో రిచ్, క్రిక్ అనేవాళ్ళు ఆ లెక్కల్లో కొన్ని సవరణలు చూపించారు. మూడు పేటలన్న మాట మాత్రం నిలబడింది.

ఆ తోళ్ళ సంస్థకే తర్వాత 1958లో మన తెలుగాయన డైరెక్టరు అయ్యాడు. యలవర్తి నాయుడమ్మ గారు, అప్పటి గుంటూరు జిల్లా యలవర్రు ఊరు. 1985లో విమానం పేలి పోయాడు. ఆయన పేరు విన్నాను కానీ చేసిన పని ఏమిటో నాకు అంతదాకా తెలియదు. నేను సైకిలు మీద ఆ రోడ్డున ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. లోపల పురి గురించే ఆలోచించేవాళ్ళు ఉన్నారని తెలిస్తే ఒక్కసారైనా దిగి చూసేవాణ్ణి.

ఇప్పుడు మా ఇంటి తప్పు దగ్గరికి వస్తాను. ఎముకల తాడులో రెండు పోగులు ఒక రకం, మూడోది ఇంకో రకం. ఆ రెండు పోగుల అట్టలోనే మా తప్పు. మా అమ్మ నాకు ఇచ్చింది, నేను మా అబ్బాయికి ఇచ్చాను, వాడు పాపకి ఇచ్చాడు. రెండు అట్టల్లో ఒకటి పాడైతే ఏమవుతుంది అని అడిగితే, పాడవడంలో రెండు రకాలున్నాయి తాతా అంది.

ఒక రకంలో, చెడ్డ అట్ట నుంచి అసలు పోగే రాదు. అట్ట చిరిగిపోయి మగ్గం ఆగినట్టు. రెండో అట్ట మంచిది కాబట్టి దాని నుంచి మంచి పోగు వస్తుంది. తాళ్ళు సగమే తయారవుతాయి, కానీ తయారైన ప్రతి తాడూ మంచిదే. మాది ఈ రకం. కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండేది ఇందుకే. గుడ్డ పల్చనైతే లోపలి నల్లటిది బయటికి కనిపించినట్టు.

రెండో రకంలో, చెడ్డ అట్ట నుంచి చెడ్డ పోగు వస్తుంది. గ్లైసీను ఉండాల్సిన చోట పెద్ద పూస పడుతుంది. నూలులో స్లబ్ పడ్డట్టు. పురి అక్కడిదాకా వచ్చి తడబడుతుంది. ఆ పోగు కలిసిన తాడంతా చెడుతుంది. ఇది చాలా గట్టి జబ్బు. కొందరు పిల్లలు పుట్టగానే పోతారంట.

నాకు ఇది తలకెక్కలేదు. పోగు అసలు రాకపోవడం కన్నా ఏదో ఒక పోగు రావడమే మేలు కదా అన్నాను. ఆ పిల్ల మా ఆవిడ పూలు కట్టే దారంలోంచి తెల్లవి కొన్ని, ఎర్రవి కొన్ని ముక్కలు కత్తిరించింది. తెలుపు మంచిది, ఎరుపు చెడ్డది. కళ్ళు మూసుకొని రెండేసి తియ్యమంది. తెలుపు తెలుపు వచ్చింది ఒకటి. తెలుపు ఎరుపు, ఎరుపు తెలుపు, ఎరుపు ఎరుపు. నాలుగు రకాలుగా పడొచ్చు. అందులో మంచి తాడు ఒక్కటే. అంటే సగం దారం చెడ్డదైతే, చెడేది సగం తాళ్ళు కాదు, నాలుగింట మూడు. అప్పుడు అర్థమైంది. మిల్లులో ఇది మనకి తెలిసిన సంగతే. కోను తక్కువైతే ఆ షిఫ్టుకి ఉత్పత్తి తగ్గుతుంది. చెడ్డ కోను మంచి కోన్లలో కలిసిపోతే లాటు లాటే వెనక్కొస్తుంది. దారం తక్కువ కావడం నష్టమే, చెడ్డ దారం కలవడం అంతకన్నా పెద్ద నష్టం.

ఆ ఎర్ర దారాలు చేతిలో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. నేను వియ్యంకుడి ముందర అన్న మాట గుర్తొచ్చింది. ఏమీ తెలియనప్పుడు నోరు మూసుకొని ఉంటే ఆ ఇంట్లో ఒక మంచి మాట తక్కువయ్యేది, అంతే. నేను చెడ్డ మాట వేశాను. అది మా ఆవిడ మాటలో కలిసింది, ఇరుగుపొరుగు మాటల్లో కలిసింది, మా అబ్బాయి మౌనంలో కలిసింది. ఏడాది పాటు ఆ పిల్ల దాన్నే కట్టుకొని తిరిగింది.

ఆ రాత్రి కోడలితో చెప్పాను. "అమ్మా, తప్పు నా దగ్గర్నించి వచ్చింది. మాట కూడా నా దగ్గర్నించే వచ్చింది" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉంది. తర్వాత, "జబ్బు తెచ్చింది మీరు కావాలని కాదు మామయ్యా. దానికి మీరు ఏమీ అనుకోవద్దు. మాట మాత్రం మా నాన్నకి కూడా చెప్పండి" అంది.

సెంట్రల్ పక్కన లోకల్ రైలు ఎక్కి సూళ్ళూరుపేట వెళ్ళాను. వియ్యంకుడికి మూడు కాగితాలూ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకొని చూసి, ఇంగ్లీషు నాకు రాదు బావగారూ అన్నాడు. నాకూ రాదు అన్నాను. నోటితోనే చెప్పాను. వాళ్ళ పక్కింటివాళ్ళని కూడా పిలిచి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు స్టేషను దాకా వచ్చి, రైలు కదిలేదాకా నిలబడ్డాడు.

ఇక పాప సంగతి. ఆస్పత్రిలో కొన్ని నెలలకొకసారి సెలైనులో ఒక మందు ఎక్కిస్తున్నారు. ఎముకలో కూడా రోజూ పాతది తీసే కణాలూ కొత్తది వేసే కణాలూ ఉంటాయి. ఈ మందు తీసేవాళ్ళ పనిని నెమ్మది చేస్తుంది. నూలు పెరగదు, ఉన్న గుడ్డ చిరగడం తగ్గుతుంది. అట్టని దిద్దే మందు ఇంకా రాలేదు. ఎక్సర్‌సైజు చేయించమన్నారు, మంచం మీదే కూర్చోబెడితే ఎముక ఇంకా బలహీనపడుతుందన్నారు. ఈ రకంలో పెద్దమనిషి అయ్యాక విరగడం చాలావరకు తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేనే సాక్ష్యం, ముప్పై ఏళ్ళకి పైగా మిల్లులో నిలబడి పని చేశాను. పోయిన ఏడాది నుంచి పాపకి ఒక్క ఎముకా విరగలేదు. నాకు చెవి మిషను పెట్టారు. పాప దాన్ని చూసి, నాకు ఎప్పుడు పెడతారు తాతయ్యా అని అడిగింది. నేను నవ్వేశాను కానీ ఆ మాట నాలో ఉండిపోయింది.

రెండో బిడ్డ సంగతి మా అబ్బాయి, కోడలు ఆలోచించుకుంటున్నారు. ఆ బిడ్డకీ రావడానికి సగానికి సగం అవకాశం ఉందని డాక్టరమ్మ చెప్పింది. ముందే తెలుసుకునే పరీక్షలూ ఉన్నాయంట. వాళ్ళు ఏది అనుకుంటే అది. అందులో నేను నోరు పెట్టను. మా ఆవిడనీ పెట్టనివ్వను.

మన కాలనీల్లో ఎవరి పిల్లలకైనా చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతుంటే, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉంటే, ఇంట్లో పెద్దలకి చిన్న వయసులోనే చెవుడు వచ్చి ఉంటే, ఎముకల డాక్టరుకి ఆ మూడు సంగతులూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే ఎవరికీ అంతుపట్టదు. మా ఇంట్లో మూడు తరాలు అట్లాగే విడివిడిగా చెప్పుకున్నాం, ఒకరు మిల్లు మీద, ఒకరు అల్లరి మీద, ఒకరు గ్రహణం మీద. అప్పుడప్పుడు మా లైను వైపు వస్తే రండి. పాప ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు నా వేలు పట్టుకొని దిగుతుంది. దూకదు. నేనూ దూకను.